ఏడు ఓడల ఇంటి పేరు

మా ఇంటి పేరు ఓడల. మా మూలపురుషుడికి ఏడు ఓడలుండేవని, ఆయన ఏడుగురు కొడుకులూ తీరం పొడవునా తలా ఒక ఊళ్ళో దిగారని, కావలి నుంచి పులికాట్ దాకా ఈ ఇంటి పేరున్న వాళ్ళంతా ఆ ఏడుగురి సంతానమేనని నా జీవితమంతా చెప్పుకుంటూ వచ్చాను. ఎంతమంది ఉంటారని అడిగితే వేలకు వేలు అనేవాణ్ణి. ఇంటి పేరు మీద వాట్సాప్ గ్రూపు పెట్టాక ఎవరో ఎనిమిదో ఓడ కూడా కలిపారు. అది మాత్రం నా పని కాదు.

మా కొడుకు కూతురు ఇందుకూరుపేట వైపు అబ్బాయిని చేసుకుంటానంది. అతని ఇంటి పేరూ ఓడలే. మాలో ఇంటి పేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస, ఇక పెళ్ళి మాటే ఎత్తకూడదు.

"తాతా, నీ కథే మాకు అడ్డం పడింది. నువ్వే తియ్యి" అంది మనవరాలు.

సంబంధం వద్దని చెప్పిపోవడానికి అబ్బాయి తాత వచ్చాడు. అల్లూరు నుంచి మా తమ్ముడూ దిగాడు, చేతిలో ఫోను.

"ఇదో, గ్రూపులో నువ్వు పెట్టిందే గదన్నా. అందరం ఒకే నెత్తురంటివి. ఇప్పుడు అన్నకీ చెల్లెలికీ ముడేస్తావా?"

"ఓడలుండింది నిజమే. అవి మనవి కాదు" అన్నాను.

ఇద్దరూ నా ముఖం చూశారు.

"మా అవ్వ చెప్పింది. మన పెద్దోళ్ళు రొమ్ముల్లోతు నీళ్ళలో ఉప్పు మూటలు మోసి ఓడలకెక్కించినారంట. రేవులో మూట మోసినోళ్ళందర్నీ ఓడలోళ్ళనేవాళ్ళు. ఎవురు ఏ ఊరినుంచొచ్చినారో అడిగినోడు లేడు."

"ఏడు ఓడలూ?" అన్నాడు అబ్బాయి తాత, తన సొంత ఓడలు మునిగినట్టు.

"ఒక్కటి గూడా లేదన్నా. తెడ్డు గూడా లేదు."

"ఇప్పుడు మనవరాలి కోసం మాట మారస్తా ఉండావు" అన్నాడు తమ్ముడు.

"నా మాట వదిలెయ్" అని అబ్బాయి తాత వైపు తిరిగాను. "అన్నా, మీ నాయన పోయినప్పుడు మేం మైల పట్టినామా? మా ఇంట్లో పురుడొచ్చినప్పుడు మీరు తలకి పోసుకున్నారా? చావుకీ పురుటికీ లేని వరస, పెళ్ళికి యాడినుంచొచ్చింది?"

అబ్బాయి తాత తల అడ్డంగా ఊపాడు. "లేదబ్బా. మీకు పురుడొచ్చిన నెల్లో మేం పండగ గూడా చేసుకున్నాం."

తమ్ముడు లేచి కండువా దులిపాడు. "ఈ పెళ్ళి చేస్తే నీ చావుకి నేను మైల పట్టను."

"పట్టొద్దులే. షాంపూ మిగులుద్ది."

అతను వెళ్ళిపోయాడు. నాకు బాధ లేదని రాస్తే అది ఎనిమిదో ఓడవుతుంది. అయినా పిలిచి మాట వెనక్కి తీసుకోలేదు. మాది మూట మోసినవాళ్ళ పేరని ఆ రోజే గ్రూపులో పెట్టాను. కొందరు తిట్టి వెళ్ళిపోయారు.

మొన్న కావలిలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే అతను ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, రెండు పక్కలా ఒకే ఇంటి పేరు పడింది. దిద్దమంటారా?"

"దిద్దబాక. రెండూ ఇంకొంచెం పెద్దచ్చరాల్లో వెయ్" అన్నాను.