ఇద్దరికీ కలిపి సెలవు

ఆ లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. హోటళ్ల దుప్పట్లు ఉతికాక వాటి అంచు పట్టి వేడి రోలర్ల మధ్యకు అందించడం ఆమె పని. పగలంతా ఆవిరిలో నిలబడి ముఖం ఎప్పుడూ ఉడికినట్టే ఉంటుంది. రాత్రి అదే యంత్రం మీద ఆమె భర్త. అక్క మొగుడు కనుక అందరికీ బావ, రాత్రి షిఫ్టు కనుక రాత్రిబావ.

పెళ్లయిన నాటి నుంచీ వాళ్లది ఇదే కాపురం. ఒకరు ఇంట్లో ఉంటే రెండోవాళ్లు పనిలో. ఎదురుపడేది షిఫ్టు మారేటప్పుడు, యంత్రం దగ్గరే.

"కూర మీద మూత పెట్టా."

"గ్యాస్ అయిపోయింది."

మొగుడూపెళ్లాల ముచ్చట్లు అంతే. దుప్పటి రెండో అంచు పట్టే ఒక పెద్దావిడ ఉంది. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్ని. "వీళ్లకు పిల్లలు పుడితే రోలరు పోలికే వస్తుంది" అని ఏడిపించేది.

ఏళ్లుగా కూడబెట్టిన డబ్బుతో యూరప్ చూసి రావాలన్న ఆలోచన ఆవిరక్కదే. "ఊళ్లు తిరిగేవాళ్ల దుప్పట్లు ఇన్నేళ్లు ఉతికాం. మన దుప్పటి ఇంకొకడు ఉతకొద్దా?" అంది. టూరు బస్సు మాత్రం వద్దంది. "బస్సెక్కితే ఇద్దరం గుర్రుపెడతాం. కారైతే నువ్వు తోలాలి, నీకు నిద్ర రాకుండా నేను వాగాలి." ఆమె కోరుకున్నది కొండలూ కాదు, కాలువల మీది ఊళ్లూ కాదు. మూడు వారాలు మొగుడి పక్క సీట్లో, ఇద్దరూ మెలకువగా.

వంటింటి గోడకు పటం అంటించారు. ఆమె ఎర్ర పెన్సిలుతో దారి గీసి పనికి వెళ్లేది. అతను వచ్చి నీలం పెన్సిలుతో దిద్దేవాడు. ఆమె సముద్రం పక్కగా తిప్పితే అతను సొరంగంలోంచి పోనిచ్చేవాడు. "సొరంగంలో ఏం చూస్తాం, నీ మొహమా?" అని ఆమె పటం అంచున రాసింది. "చూసి ఎన్నాళ్లయింది, అదే చూడు" అని అతని జవాబు. అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయని, అతను స్టూలు మీద కూర్చుని కుడిచేత్తో గాల్లో గేర్లు మార్చేవాడు. కిటికీలోంచి చూసిన పక్కింటావిడ, "మీ ఆయనకేమైనా తేడా చేసిందా?" అని ఆవిరక్కను నెమ్మదిగా అడిగింది.

అడ్డంకి ఒక్కటే. ఒకే యంత్రం మీదివాళ్లకు ఒకేసారి సెలవు ఇవ్వరు. ఒకరు మానితే రెండోవాళ్లు రెండు షిఫ్టులూ మొయ్యాలి. వాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు, మేనేజరు "చూద్దాం" అంటూనే ఉన్నాడు.

ఒక ఉదయం షిఫ్టు మారుతున్నప్పుడు పిన్ని చెయ్యి దుప్పటితో పాటు రోలర్ల మధ్యకు పోయింది. వేళ్లు తగలగానే యంత్రాన్ని ఆపాల్సిన అడ్డపట్టీ ఆపలేదు. మాటిమాటికీ ఆగి పని వెనకబడుతోందని సూపర్‌వైజరే దాన్ని తీగతో కట్టించాడు. రాత్రిబావ పరుగెత్తి మీట లాగేసరికి మోచేతి దాకా నలిగి కాలిపోయింది. ఆ కేక ఇద్దరూ విన్నారు. అంతకుముందు ఒక షిఫ్టు మారేటప్పుడు సూపర్‌వైజరు ఆ తీగ కట్టించడమూ ఇద్దరూ చూశారు.

తీగ పిన్నే కట్టుకుందని కంపెనీ అంది. తప్పు ఆవిడదైతే పరిహారం ఉండదు. కాదనగల సాక్షులు ఆ మొగుడూపెళ్లాలే. లాండ్రీలోనే జరగబోయే కార్మిక శాఖ విచారణకు ముందు మేనేజరు ఆవిరక్కను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో ఆమెకు ఎవరూ కుర్చీ చూపించలేదు ఇంతవరకూ.

"మీ సెలవు సంగతి ఆలోచించానమ్మా. ఇద్దరికీ కలిపి ఇచ్చేద్దాం."

"చాలా సంతోషమండీ."

"ఆ తీగ పెద్దావిడే కట్టుకుందని, మీరు చూశారని చెబితే చాలు."

"నేను చూడలేదు గదండీ."

"గుర్తు తెచ్చుకోండి. తొందరేం లేదు."

విచారణలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొగుడు వేరే మాట అంటాడన్న ఊహే ఆమెకు లేదు. కంపెనీ ముందే అందించిన, అతని సంతకం ఉన్న వాంగ్మూలాన్ని అధికారి ఆమె ముందుకు తోశాడు. పిన్ని తీగ కట్టుకోవడం కళ్లారా చూశానని ఉంది.

"ఒక ఇంట్లోనే రెండు మాటలైతే మేం ఏది నమ్మాలమ్మా? రేపు ఆయన్నే పిలుస్తాం."

సాయంత్రంలోపే అబద్ధం ఆడిందని ఆమెను పనిలోంచి తీసేశారు. అతనికి సెలవు మంజూరైంది. ఆమె ఇంటికి వచ్చేసరికి అతను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"నీ కోసమే చేశాను" అన్నాడు.

"పిన్ని చెయ్యి నా కోసమా?"

"పోయిన చెయ్యి తిరిగొస్తుందా? కనీసం నీ కోరికైనా..."

"నా కోరికైతే నన్నడగాలిగా, బావా?"

"ఎప్పుడడగను? నేనొచ్చేసరికి నువ్వు వెళ్లిపోతివి. నువ్వొచ్చేసరికి నేను లేను."

ఆ మాట అబద్ధం కాదు. కాపురాన్ని పగలొక ముక్క, రాత్రొక ముక్కగా కోసి పని చేయించుకునేవాడికి ఈ లాభం కూడా కలిసొస్తుంది. ఇద్దరూ ఒకచోట కూర్చుని ఆలోచించుకోరు. ఎవరికి వారు విడిగా, ఒంటరిగా వాడి చేతికి దొరుకుతారు.

"ఇప్పుడున్నానుగా" అంది. "అడుగు."

"మాట మారిస్తే నా పనీ పోతుంది. ఇంకే లాండ్రీ గేటూ మనకు తెరవరు. ప్రయాణం మాట దేవుడెరుగు."

"తెలుసు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"చూసింది చెప్పు."

మర్నాడు చెప్పాడు. తను పెట్టిన సంతకం తప్పని కూడా చెప్పాడు. అధికారి రాసుకున్నాడు, ఏం తేలుస్తాడో ముఖంలో తెలియనివ్వలేదు. బయట మేనేజరు అతని చేతిలోంచి గుర్తింపు కార్డు తీసుకున్నాడు. ఎదురొచ్చిన తోటివాళ్లు చూపు తిప్పుకున్నారు.

గేటు దాటి, అక్కడ కాచుకుని ఉన్న ఆమె దగ్గర అతను ఆగాడు. "ఇప్పుడెటు?" అన్నాడు.

"పిన్నిని చూసి చాలా రోజులైంది" అంది ఆమె. ఇద్దరూ ఆసుపత్రి వైపు నడిచారు.