తొట్టి పక్క మూల

కుక్కర్ మూత తీయగానే ఉడికిన పల్లికాయ వాసన వంటిల్లంతా కమ్ముకుంది. ఉప్పు, పసుపు, ఎన్నిసార్లు కడిగినా పోని ఎర్రమట్టి. ఈ వాసనకు అందరికీ నోరూరుతుంది, నాకు మా చేను గుర్తొస్తుంది. వనపర్తిలో పిల్లలకు లెక్కలు చెప్పి బతికే మనిషిని, నలభై దాటినదాన్ని, పల్లికాయల గిన్నె ముందు ఏడుస్తూ కూర్చున్నానంటే నవ్వుతారు. నవ్వండి.

ధరూరు వైపు మా ఊళ్లో వీటిని బుడ్డలనేవాళ్లం. బతుకమ్మకు ముందు చేలు పీకే కాలం వచ్చిందంటే ఊరంతా తడిమట్టి వాసనే. కల్లంలో కాయ తెంపే ఆడవాళ్ల గాజుల చప్పుడు, మూడు రాళ్ల పొయ్యి మీద కుండలో ఉడికే పచ్చికాయ, అవ్వ, అంటే మా నాయనమ్మ, రొట్టెలూ బెల్లమూ కలిపి పిసికిన మలీద ముద్దలు, ఒక చేతిలో ఆ ముద్ద ఉండగానే రెండో చేతి గుప్పిట్లో కాయలు దాచి సరా బేసా అని అడిగే మా అక్క. నేను ఐదో తరగతి, అక్క ఏడు పాసై ఎనిమిదికి వచ్చింది. ఆటలో నేనెప్పుడూ గెలవలేదు. నేను గుప్పిట చూసేదాన్ని, అక్క నా ముఖం చూసేది.

ఆ ఏడు వాన మొలకల వరకు పడి, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు ముఖం చాటేసింది. ఊరిని కరువు కింద రాస్తే చెరువు మట్టి పని ఇక్కడే పెడతారు, లేకుంటే మేస్త్రీ లారీ ఎక్కి బొంబాయి దిక్కు పోవడమే అని ఇంట్లో పొద్దస్తమానం అదే మాట. పోతే చంటి తమ్ముణ్ని ఎత్తుకోవడానికి, పొయ్యి కాడ కూర్చోవడానికి అక్కను కూడా తీసుకుపోతారు. నేను అవ్వ దగ్గరుంటాను. అక్క బడి ఆ ఒక్క రాత మీద ఆధారపడి ఉంది.

ఆ రాత తేల్చడానికి పంట తూచి చూసే సారు వచ్చాడు. ఊళ్లో ఐదు చేలు ఎంచుకుని, చేనుకొక చిన్న మడి తాడుతో కొలిచి, పీకి, కాయ తూచాలి. నాలుగయ్యాక ఐదోది మాది. సారు చీటీలో రాసుకొచ్చిన అంకెల ప్రకారం మడి మా మెట్ట చెలక నడుమ పడింది. అక్కడ ఆకు కూడా మిగల్లేదు. మా నాయనకు అదేం నామోషీయో, ఊరికొచ్చిన మనిషికి ఎండిన చేను చూపించలేకపోయాడు.

"గాడ ఏముంది సారూ, గీడికి రాండ్రి" అని పశువుల తొట్టి నీళ్లు పారే మూలకు తీసుకుపోయాడు. ఎండలో నడక తప్పిందని సారూ కాదనలేదు. ఆ మూల మొక్క ఏపుగా ఉంది, పీకితే గుత్తులు గుత్తులు. త్రాసు పళ్లెం దిగుతుంటే నేను, పాడుమొహందాన్ని, చప్పట్లు కొట్టాను. పది కిలోలు. నాయన మీసం మీద చెయ్యి వేశాడు.

"చప్పట్లు ఎందుకే" అంది అక్క.

మిగతా నాలుగు చేలలో వచ్చినవి ఒకటి, ఒకటి, ఒకటి, రెండు. మా పదితో కలిపితే పదిహేను, ఐదుతో భాగిస్తే మూడు. సగటున మూడు కిలోలు పండిన ఊరికి కరువు లేదన్నారు.

బడిలో అక్కకు అప్పటికే మూడు రకాల సగటులు చెప్పి ఉన్నారు. నోటుబుక్కులోంచి కాగితం చించి ఐదు అంకెలు వరుసగా రాసుకుంది, నాయన చెయ్యి పట్టుకుని ఆ సారు ఆఫీసుకు లాక్కుపోయింది. నేనూ వెంటపడ్డాను.

"మూడు కిలోలు ఎవల చేన్ల పండింది సార్?" అని అడిగింది. "ఒక్కల చేన్ల గూడ లేదు. వరుసల వెడితే నడిమిది ఒకటి. దాన్ని మధ్యగతం అంటరు. ఎక్కువసార్లు వచ్చింది గూడ ఒకటే, అది బాహుళకం. మా పది తొట్టి నీళ్లది సార్, చేనుది కాదు."

సారు కాగితం పట్టుకుని శ్రద్ధగానే చూశాడు. "ఏ క్లాసమ్మా?"

"ఎనిమిది."

"మంచిగ చదువుకో" అన్నాడు. కాగితం తిరిగిచ్చేశాడు.

దారిలో నాయన గట్టు మీద కూలబడి, "నా చేతులార చూపిస్తి గద బిడ్డా" అని తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. అక్క ఏడవలేదు. పండుగ దాటిన వారానికి లారీ వచ్చింది. అక్క ఎక్కి, పైనుంచి గుప్పిట చాపి సరా బేసా అంది. నేను చెప్పేలోపే బండి కదిలింది. ఆ గుప్పిట్లో ఎన్ని కాయలున్నాయో నాకిప్పటికీ తెలియదు. బుద్ధి తెలిసిన నాటి నుంచి ఆ చప్పట్లు నన్ను తింటూనే ఉన్నాయి.

ఇప్పుడు మా వైపు కాలువ నీళ్లొచ్చాయి, చెలకలు వరి, పత్తి అయ్యాయి, కల్లాలు లేవు, మలీద పిసికే అవ్వ లేదు. బతికినన్నాళ్లూ నాయన ఆ మూల మళ్లీ గింజ వేయలేదు. తొట్టి పగిలిపోయింది, అక్కడ మోటరుసైకిళ్లు నిలుపుతున్నారు.

ఈ పల్లికాయ గద్వాల నుంచి అక్కే పంపింది. ఎక్కడో కూలికి పోయిన చేనులోవి. ఇందాక ఫోను చేసి, "ముట్టినయా? పిల్లలకు ఇయ్యాల ఏం చెప్పినవ్?" అని అడిగింది. సగటు అని చెప్పాను. అబద్ధమాడాల్సింది. అక్క నవ్వింది.

"నువ్వు పదిహేడేండ్లు చదివినవ్, నేను ఏడేండ్లు. సగటు పన్నెండు. ఇద్దరం ఇంటరు పాసైనట్టే పో" అంది.

కాగితం లేదు, పెన్ను లేదు, ఒక్క క్షణం ఆగలేదు. లెక్క సరిగ్గానే ఉంది.