పాలు చేపిన వేళ

మా పాప చంటిబిడ్డగా ఉన్నప్పుడు మా ఊరు మంగళవాడలో అత్త దగ్గర వదిలి, సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి పోయేదాన్ని. డబ్బాపాలు పడక దానికి విరేచనాలు పట్టుకున్నాయి. పొట్టలో మంచి బ్యాక్టీరియా పెరగాలంటే తల్లిపాలే పట్టాలని పావగడ డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం ఇంటికి పోయొస్తానని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఒకరోజు కంచె పక్కన మేస్తున్న మందలో మేకపిల్ల ఒకటి తల్లి కోసం అరిచింది. అచ్చం నా బిడ్డ ఏడ్చినట్టే ఉంది. చూస్తుండగానే చీర మీద తొడుక్కున్న నా పనిచొక్కా ముందంతా తడిసిపోయింది.

"ఏందమ్మా, పైపు కారతా ఉండాదా?" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నావైపే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాతో పనిచేసే నాగమ్మక్క తన తలగుడ్డ విప్పి నామీద కప్పింది. "పైపు కాదప్పా, బిడ్డతల్లికి పాలు చేపినాయి" అంది.

ఆయన తల దించుకున్నాడు. "పో తల్లీ. దినామూ మధ్యాహ్నం పోయి ఇచ్చిరా" అన్నాడు.

పాప పొట్ట కుదుటపడింది. ఇప్పుడది బడి బస్సెక్కితే వెనక్కి కూడా చూడదు. ఎక్కడైనా మేకపిల్ల అరిస్తే మాత్రం నా చెయ్యి ఇప్పటికీ రొమ్ము మీదికి పోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది.