దుర్గ కొత్త పళ్ళతో ఒక రోజు: మునిర్కా, గురుగ్రామ్, అశోకా రోడ్

మా ఆవిడ దుర్గకి నిద్రలో పళ్ళు నూరే అలవాటు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆ చప్పుడు నాకు అలవాటైపోయింది గాని, పళ్ళే ఓర్చుకోలేకపోయాయి. అరిగి అరిగి పొట్టివైపోయాయి. కిందటేడు కాకినాడ నుంచి వచ్చిన చేగోడీ కొరకబోతే ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. ఆనాటినుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం. అదైనా సర్దుకోవచ్చు. మునిర్కా దగ్గర మా ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఆదివారం సాయంత్రాలు తెలుగు పిల్లలందర్నీ పోగేసి దుర్గ కథలు చెప్పేది. వాళ్ళు తెలుగులో విని హిందీలో ప్రశ్నలు వేసేవారు. పన్ను విరిగాక మాటల్లో ఈల మొదలైంది. ఓ పిల్ల సరదాకి ఆ ఈలని అనుకరించింది. ఆ తర్వాతి ఆదివారం దుర్గ తలనొప్పి అంది, ఆ పై వారం చుట్టాలొస్తారంది. కథలు ఆగిపోయాయి. ఆ ఆదివారాలు నాకు మళ్ళీ కావాలి. అందుకే ఈ తిరుగుడంతా.

నోరంతా బాగు చేయించుకోవాలనుకునే వాళ్ళకి ముందే చెబుతున్నాను, ఇది నెలల పని. రూట్ కెనాల్స్, తాత్కాలికపు తొడుగులు, పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలిసేలా చూడటం, ఇలా సాగుతుంది. మాకైన ఖర్చుతో పాత కారొకటి కొనుక్కోవచ్చు, కాకపోతే విడతల్లో కట్టనిచ్చారు. క్లినిక్ గురుగ్రామ్‌లో, ఎం.జి. రోడ్ మెట్రో స్టేషన్ దగ్గర. మునిర్కాలో మెట్రో ఎక్కి, హౌజ్ ఖాస్‌లో ఎల్లో లైన్‌కి మారితే ముప్పావుగంట. ఎనిమిది దాటితే ఆఫీసు జనంతో కాలు పెట్టే సందుండదు కాబట్టి మేం ఏడున్నరకే బయల్దేరాం.

అక్కడి డాక్టరమ్మది ఒక పద్ధతి. శాశ్వతమైన పళ్ళు చేయించే ముందు అదే ఆకారంలో ప్లాస్టిక్‌వి ఉదయమే తొడిగి, పేషెంటుని ఊరి మీదికి పంపేస్తుంది. "తినండి, తిరగండి, మీ ఆయనతో పోట్లాడండి. ఐదింటికి వస్తే స్కాన్ తీసి ల్యాబ్‌కి పంపిస్తాను. పంపాక మార్చడం కష్టం," అంది హిందీలో. తర్వాత దుర్గ చేత 'సిక్స్టీ సిక్స్', 'ఫిఫ్టీ ఫైవ్' అని పలికించింది. శుభ్రంగా పలికింది. హిందీలో నాలుగు మాటలు మాట్లాడించింది, అవీ బాగున్నాయి. అద్దంలో చూసుకుంటే దుర్గకి కళ్ళు చెమర్చాయి. నాకూ అంతే గాని, నేను ఏసీ గాలి మీదికి నెట్టేశాను.

కొత్త పళ్ళని భోజనం పెట్టి పరీక్షించాలంటే అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనం పెట్టే క్యాంటీన్‌కి వెళ్ళాల్సిందే. ఎల్లో లైన్‌లోనే పటేల్ చౌక్ దాకా వెళ్ళి, ఎండగా ఉందని ఆటో ఎక్కాం. ఆటో అతను అద్దంలో చూసి, "దీదీ బహుత్ ఖుష్ లగ్ రహీ హై," అన్నాడు, అక్క భలే సంతోషంగా ఉందని. దుర్గ చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వింది. ఆ ఒక్క నవ్వుకి అతను అడిగినంతా బేరమాడకుండా ఇచ్చేశాను. పన్నెండున్నరకి వెళ్తే భోజనానికి పెద్ద వరుస ఉండదు, ఒంటిగంట దాటితే మాత్రం నిలబడక తప్పదు.

కందిపొడి, గోంగూర, ములక్కాడ పులుసు. ములక్కాడ పిప్పి అయ్యేదాకా నమిలి నా వైపు గర్వంగా చూసింది. అప్పుడే వడ్డించే అతను గిన్నెతో వచ్చాడు. మనవాడే, శ్రీకాకుళం వైపు.

"చారు ఎయ్యమంటారా అక్కా?"

"చాలు బాబూ," అంది దుర్గ.

ఆ 'చా' దగ్గర సన్నగా ఈల వచ్చింది. అతను గమనించనే లేదు. కానీ దుర్గ చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెరుగు కావాలన్నా సైగే.

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తట్టింది. చారు, చాలు, చలి అనేటప్పుడు మన నాలుక పై పళ్ళ వెనక్కి వెళ్ళి తగులుతుంది. హిందీలో ఆ చప్పుడు లేదు, వాళ్ళ 'చాయ్'లో చ వేరు. ఢిల్లీలో ఇన్నేళ్ళుండి, గుమ్మం దాటితే హిందీయే మాట్లాడే మేం ఆ పళ్ళని కూడా హిందీలోనే ఖాయం చేసేయబోయాం.

"డాక్టరుతో చెబుదాం," అన్నాను.

"వద్దండీ. పాపం ఎన్నిసార్లు విసిగిస్తాం ఆవిడ్ని. ఈ మాత్రం దానికి... నేనే తక్కువ మాట్టాడతాను లెండి."

 ఆ మాటకి పెరుగన్నం సగంలోనే వదిలేసి లేచాను.

ఐదింటికి మళ్ళీ క్లినిక్‌కి వెళ్తే, దుర్గని కుర్చీలో కూర్చోబెట్టి, "సబ్ ఠీక్?" అని అడిగింది డాక్టరమ్మ. దుర్గ "ఠీక్ హై," అంది. స్కాన్ చేసే కెమెరా చేతిలోకి తీసుకుంటుంటే ఇక నేను ఆగలేకపోయాను. "డాక్టర్, ఈవిడ మాట మీరింకా వినలేదు," అని సంగతి చెప్పాను. దుర్గ నన్ను కొరికేసేలా చూసింది, కొత్త పళ్ళతో. డాక్టరమ్మ కెమెరా పక్కన పెట్టి, "తో తెలుగు మే బోలియే," అంది.

"ఏం చెప్పనండీ?" అంది దుర్గ నాతో, బెదురుగా.

"చీమ కథ చెప్పు. ఆదివారం చెప్పేదానివే."

"అనగనగా చలికాలం. చింతచెట్టు కింద ఓ చీమ చలికి వణికిపోతోంది..." ఈల. డాక్టరమ్మ దగ్గరికి వంగి వింది. పై పళ్ళ వెనక ఏదో గుర్తు పెట్టి, ఇసుమంత అరగదీసి, "ఫిర్ సే," అంది. మళ్ళీ చలికాలం, మళ్ళీ చీమ. ఇంకాస్త అరగదీసింది. చీమ పాపం ఎంతసేపటికీ చింతచెట్టు దాటలేదు. చివరికి ఓసారి 'చలి' చలిలాగే వచ్చింది. డాక్టరమ్మ తల ఊపి కెమెరా అందుకుంది.

దుర్గ మాత్రం ఆగలేదు. చీమ ఎండుటాకు కప్పుకుంది, మిడతకి సగం ఇచ్చింది, చందమామని దీపం అడిగింది. ముక్క తెలుగు రాని డాక్టరమ్మ కెమెరా పట్టుకుని అలాగే నిలబడి, కథ అయ్యేదాకా వింది.

ఆ సాయంత్రం మెట్రోలో కిక్కిరిసిన జనం. దుర్గ ఒక చేత్తో పైన పిడి, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని మునిర్కా దాకా నన్ను తిడుతూనే వచ్చింది, అందరి ముందూ పరువు తీశానని. ఇంత కమ్మటి తిట్లు నేనీ మధ్య తినలేదు. రెండు చేతులూ పట్టుకోవడానికే సరిపోయాయి, నోటి దగ్గరికి ఒక్కటీ వెళ్ళలేదు. మనిషికి పళ్ళు తినడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మీరూ ఈ పని మీద వెళ్తుంటే నా సలహా ఒక్కటే. పళ్ళు ఖాయం చేసే ముందు మీ ఇంటి భాషలో ఒక కథ పూర్తిగా చెప్పి చూడండి. డాక్టరుకి అర్థం కాదని మొహమాటపడకండి. ఈ ఆదివారం మా ఇంట్లో పిల్లలు తొమ్మిదిమంది కూర్చున్నారు, చీమ చింతచెట్టు దాటింది.