పెయింటరక్క కలిపిన బూడిద రంగు

పడవల ఇంజిన్లు బాగుచేసే ఆ షెడ్డులో రంగు వేసేది ఆవిడ ఒక్కతే. ఇరవై ఆరేళ్లుగా అందరికీ పెయింటరక్కే. షెడ్డు యజమాని ఆవిడకంటే పదేళ్లు పెద్ద, అయినా ఆయనా అక్కా అనే పిలుస్తాడు. అలవాటైన పిలుపుకు వయసుతో పనేముంది!

ఇంజిన్‌లోకి గాలిని అదిమి పంపే సూపర్‌చార్జర్, దానికి గాలి అందించే ఇన్‌టేక్ గొట్టం, ఉప్పుగాలి ముందుగా పట్టుకునేది ఈ రెండింటినే. తెల్లటి పొడి లేచి, దాని కింద గుంటలు పడతాయి. పెయింటరక్క వాటిని గీకి, కడిగి, నోళ్లలో గుడ్డలు కుక్కి, అంచులకు టేపు అంటించి, స్ప్రే గన్‌తో రంగు కొట్టేది. లోపల ఒక్క చుక్క పడ్డా రేపు పెచ్చులూడి ఇంజిన్ కడుపులోకి పోతుంది. సూపర్‌చార్జర్ ఒంటిని చల్లార్చే రెక్కల మీద మందంగా పడితే వేడి బయటికి పోదు. ఇవన్నీ ఓపికుంటే ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎవరికీ పట్టుబడనిదల్లా ఆ షెడ్డు బూడిద రంగు. దానికి నంబరు లేదు, కొలత లేదు. తెలుపులో కాస్త నలుపు, కాస్త నీలం వేస్తూ, కంటికి సరే అనిపించేదాకా ఆవిడే కలిపేది. రేవులో ఏ పడవ ఇంజిన్ మూత ఎత్తినా ఇది ఎవరి పనో ఇట్టే చెప్పేసేవాళ్లు. ఆవిడ గర్వమంతా అక్కడే ఉంది. దాచడమెందుకు, కొంచెం ఎక్కువే ఉంది.

అలాంటి మనిషికి రెండు కళ్లల్లోనూ శుక్లాలు వచ్చాయి. కళ్లద్దాలకు మురికి పట్టిందంటూ రెండేళ్లు నెట్టుకొచ్చింది. చివరికి మొగుడు పోరుపెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఒక కంటి తర్వాత ఇంకో కంటికి ఆపరేషన్, మొత్తం రెండు నెలలు ఇంటిపట్టునే ఉండాల్సి వచ్చింది. రెండో కట్టు విప్పిన రోజు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏవండీ, మీ చొక్కా ఇంత తెల్లగా ఉంటుందా?" అంది.

"చొక్కా సంగతి సరే, మొహం ఎలా ఉందో చెప్పు."

"చెప్పమంటారా?"

"వద్దులే తల్లీ" అన్నాడాయన.

ఆ రెండు నెలలూ షెడ్డులో డబ్బా రంగు వాడారు. కంపెనీవాళ్లు కలిపి పంపేది, మూత తీసి కొట్టేయడమే. యజమానికి అది బాగానే నచ్చింది. ఆవిడ పనిలోకి రాగానే, "అక్కా, ఇకమీదట డబ్బాలే వాడదాం. నీకూ కళ్లకి శ్రమ తగ్గుద్ది" అన్నాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లలో ఒక్కడన్నా రంగు తేడా వచ్చిందన్నాడా సార్? పోనీ, ఈ రెండేళ్లలో?"

ఆయన తల గోక్కున్నాడు. నిజంగానే ఎవరూ అనలేదు. సరే, పరీక్ష పెట్టుకుందాం అన్నాడు. రెండు ఇంజిన్ల పడవ ఒకటి రేవులో ఉంది. ఎడమ ఇంజిన్‌కి నాలుగేళ్ల కింద ఆవిడే రంగు వేసింది. కుడి ఇంజిన్ సామాను ఇప్పుడే విప్పారు. రెండూ పక్కపక్కన పెడితే రంగు కలవాలి. కలిస్తే కలిపే పని ఆవిడదే, కలవకపోతే డబ్బాలే.

"ఎడమదాన్ని చూడకుండానే కలుపుతా" అంది పెయింటరక్క. అక్కడితో ఊరుకుంటే ఆవిడ ఎందుకవుతుంది!

మర్నాడు పొద్దున్నుంచీ కలిపింది. నీలం డబ్బా తెరిచేసరికి ఉలిక్కిపడింది, అది అంత నీలమని మర్చేపోయింది. మధ్యాహ్నానికి రంగు కుదిరింది. ముంత మీద మూతపెట్టి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్లింది.

తిరిగొచ్చి మూత తీస్తే, రంగు టీ ఒలికినట్టు పసుపుపచ్చగా మారి ఉంది.

"ఎవర్రా నా ముంత ముట్టుకుంది?"

షెడ్డులో ఫిట్టరొక్కడే ఉన్నాడు. పదేళ్లుగా ఆవిడ రంగు వేసిన సామాను బిగించేది అతనే. బోల్టు బిగిస్తున్నవాడల్లా ఆగిపోయాడు, తల మాత్రం ఎత్తలేదు.

"నేనే అక్కా. అర చెంచా పసుపు, నాలుగు చుక్కలు ఎరుపు."

"నీకేం పోయేకాలం? పరీక్షరోజే దొరికానా?"

"పరీక్ష కాబట్టే అక్కా. ఎందుకైనా మంచిదని వేశా. రోజూ వేసేదేగా."

"రోజూనా?"

అప్పుడు చెప్పుకొచ్చాడు. రెండేళ్ల కింద ఒక ఇన్‌టేక్ బిగిస్తుంటే అది నీలంగా కనబడిందట. తర్వాతదీ అంతే. అక్క కంటికి అన్నీ పసుపుగా కనబడుతున్నాయనీ, దాన్ని చంపడానికి నీలం ఎక్కువ వేస్తోందనీ అతనికి అర్థమైంది. అప్పట్నుంచి ఆవిడ అన్నానికి వెళ్లగానే దిద్దేవాడు. గన్ పట్టాక కళ్లద్దాలు, తుంపర, వాటి మధ్య ఆవిడకి తెలిసేది కాదు. ఈ రోజు మాత్రం రంగు వంక చూడకుండా లెక్క ప్రకారం వేసేశాడు.

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే మానేస్తావని భయమేసింది."

ఆవిడకి ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. రెండేళ్లపాటు ఎవరెంత మెచ్చుకున్నా తలాడించింది. పండగ చేసుకున్నంత సంబరపడి ఇంటికెళ్లి మొగుడికి చెప్పుకుంది కూడా. ఫిట్టరు మొహం చూడలేక ముంతవైపు తిరిగి, ఒక్కొక్క చుక్కే నీలం, కాస్త తెలుపు వేస్తూ గంటసేపు కలిపింది. రంగు దారికొచ్చింది. ఇన్‌టేక్‌కి మొదటి పూత కొట్టి ఆరబెట్టింది.

సాయంత్రం యజమాని వచ్చి దాన్ని ఎడమ ఇంజిన్ గొట్టం పక్కన పెట్టించాడు. వంగి చూశాడు, వెలుగులోకి జరిపి మళ్లీ చూశాడు. తేడా ఏమీ లేదు.

"నువ్వే గెలిచావక్కా. నీ కన్ను కన్నే. ఈ రెండేళ్లు ఆ కళ్లతోనే ఒక్క మాట పడకుండా చేశావంటే మాటలా!"

ఊరుకుంటే అయిపోయేది. ఫిట్టరు ఎలాగూ నోరు విప్పడు. కానీ ఆవిడ ఫిట్టరు వైపు వేలు చూపించింది.

"ఆ రెండేళ్లవీ నావి కావు సార్. నేను పాడుచేస్తుంటే వీడు దిద్దాడు. రంగు కలిపింది వీడే."

ఆ మాట అని యజమాని వైపే చూస్తూ నిలబడింది. అదేం మాటక్కా అంటాడనుకుంది. కళ్లు బాగయ్యాయిగా, ఇకమీదట నువ్వే కలుపు అంటాడనుకుంది. ఒక్కసారన్నా కాదంటాడనుకుంది.

యజమాని ఫిట్టరు వైపు తిరిగాడు. "అవునా? చెప్పవేంరా! అయితే రేపట్నుంచి కలిపేపని నువ్వే చూసుకో. అక్క కొడుతుంది. ఆమెకీ కాస్త తేలిక" అని, ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ బయటికెళ్లిపోయాడు.

"అక్కా, నేను వెళ్లి చెప్తా" అన్నాడు ఫిట్టరు.

"ఏం చెప్తావు? నేను అన్నది అబద్ధమనా?"

సూపర్‌చార్జర్ ఇంకా రంగు పడకుండా అలాగే ఉంది. పెయింటరక్క ముంతలో మిగిలిన తన బూడిద రంగును గన్‌లోకి వొంపుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, రెక్కల మీద పల్చగా కొట్టడం మొదలుపెట్టింది.