ఫిలొమీనా గంతు

బ్రూక్లిన్‌లో మా భవనం నాలుగో అంతస్తులో ఉండే ఫిలొమీనా ప్రతి మంగళవారం మధ్యాహ్నం బట్టలుతికే యంత్రం గెలిచేది. సాయంత్రానికి అది ఇంకొకరిదయ్యేది. టెలివిజన్‌లో బహుమతుల ఆటలు కొత్తగా మొదలైన రోజులివి. అంతా ప్రత్యక్ష ప్రసారమే. కెమెరాలు, దీపాలు సరిచూసుకోవడానికి ముందుగా ఒక ఉత్తుత్తి ఆట ఆడిస్తారు. అందులో పోటీదారు స్థానంలో నిలబడటమే ఆమె ఉద్యోగం. గంట కొట్టాలి, జవాబు చెప్పాలి, గెలిచి గంతెయ్యాలి, పక్కకు తప్పుకోవాలి. అక్కడ పనిచేసేవాళ్లు అసలు ఆటకు పనికిరారని నియమం. ఆమె ఇంటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని, స్నానాలతొట్టిలో దుప్పట్లు ఉతుక్కునేది. ఒక్కసారి అసలు ఆటలో నిలబడాలని మాత్రం కోరిక.

ఆ అవకాశం పక్కింటి మర్టిల్‌ను వరించింది. స్టూడియోలో ప్రేక్షకుల ముందు వరసలో పెద్దగా నవ్వుతుంటే ఏరుకున్నారు.

"ఈవిడ కొయ్యలా నిలబడుతోంది. నీ గంతు కాస్త నేర్పు" అన్నాడు దర్శకుడు ఫిలొమీనాతో.

ఫిలొమీనా నేర్పింది. రెండు చేతులూ చెంపలకు ఆనించి, మోకాళ్లు వంచి, ఒక్క ఎగురు ఎగిరి, యంత్రాన్ని కావలించుకోవడం.

"రోజూ ఇదేనా నీ పని? అదృష్టవంతురాలివే!" అంది మర్టిల్.

"అవును మరి, ఎగిరితే చాలు, కడుపు నిండిపోతుంది."

ఆ సాయంత్రం భవనమంతా మా ఇంట్లోనే. టెలివిజన్ మాకొక్కరికే ఉంది. మర్టిల్ గెలిచింది. అచ్చం ఫిలొమీనా గంతే వేసింది.

"ఎంత ముద్దుగా ఎగిరింది! అది పుట్టుకతో రావాలి గానీ నేర్పితే వస్తుందా?" అన్నాడు మాంసం కొట్టు ఒట్టో.

"ఆ చేతులు నావి. ఆ మోకాళ్లు నావి" అంది ఫిలొమీనా. సబ్బు ప్రకటన హోరులో ఎవరూ వినలేదు.

"నీ దుప్పట్లు కూడా తెచ్చెయ్యవే, ఇందులో వేసేద్దాం" అని యంత్రం ఇంటికొచ్చిన రోజు పిలిచింది మర్టిల్.

"నా తొట్టికేం? బాగానే ఉందిలే."

యంత్రం తిరిగినప్పుడల్లా ఫిలొమీనా గోడ అదిరేది. ఆమె తొట్టిలో ఇంకా గట్టిగా బాదేది.

తర్వాతి మంగళవారం మరో కొత్తావిడకు నేర్పమన్నారు.

"ముందు నన్నొక్కసారి అసలు ఆటలో నిలబెట్టండి."

దర్శకుడు నవ్వాడు. ఉత్తుత్తి ఆటలో ఫిలొమీనా గెలిచి, చేతులు కట్టుకుని నిలబడింది. గంతెయ్యలేదు. సాయంత్రానికి ఉద్యోగం పోయింది.

ఇప్పుడు ఆట చూడటానికి రాదు. అయిపోయాక మా గుమ్మంలో నిలబడి ఒక్కటే అడుగుతుంది: "ఇవాళ ఎవరేశారు నా గంతు?"

ఈ ఆట మీరూ చూస్తున్నారు. సబ్బు పేరు ఎన్నిసార్లు చెబుతారో విన్నారు. స్టూడియోకు ఒక కార్డు రాయండి. మధ్యాహ్నం ఆడి ఓడకుండానే ఓడిపోయే మనిషి పేరు కూడా చెప్పమనండి. ఏడాదికొక్కసారైనా ఆమెను అసలు ఆటలో నిలబెట్టమనండి. ఈ మంగళవారం లోపే రాయండి.