తెరిచినవారే మూయాలి

రేపు మళ్ళీ కుండ మీద రేకు తీయాల్సిన చేతులివి. ఈ చేతుల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు.

మాది ఆత్రేయపురం. పూతరేకుల వ్యాపారం. ఆర్డర్లు చూసుకోవడానికి మనవరాలు లావణ్య తన పాత కంప్యూటర్ ఇచ్చింది. దానికి తగిలించి ఒక డిస్క్. మా ఆయన పోయే ముందు మనవలకు చెప్పిన కబుర్లన్నీ, ఆయన గొంతుతోనే, అందులో ఉన్నాయి. ఇంకో డిస్క్ కొని అందులోకీ ఎక్కిద్దామంది లావణ్య. ఉన్నది బాగానే ఉండగా మరోటి దండగన్నాను.

మొదట్లో ఆ డిస్క్ తెరవాలంటే ప్రతిసారీ లావణ్య పాస్‌వర్డ్ కావాలి. తనేమో రాజమండ్రిలో ఉంటుంది. అందుకని ఆయన బతికుండగానే, మా ఇద్దరి పేర్లతోనూ తెరుచుకునేలా అనుమతి ఇచ్చింది.

"ఒకరు తెరిస్తే ఇంకొకరు కూడా మూసేలా పెట్టనా నానమ్మా?"

"కుదరదు. మన కొట్టు తాళం తీసినవాళ్ళే వేస్తారు. ఇదీ అంతే."

"కంప్యూటర్‌కి కూడా నీ చాదస్తమేనా?"

"పెట్టెయ్యమ్మా. నాకు అలవాటేగా," అన్నారు ఆయన, నవ్వుతూ.

అలాగే పెట్టింది. ఒక్కటే హెచ్చరించింది. డిస్క్ మూయకుండా కరెంటు పోతే లోపలివి దక్కకపోవచ్చు.

ఆయన పోయాక ఆయన పేరు కంప్యూటర్‌లోంచి తీయనివ్వలేదు నేను.

మొన్నటి వానల్లో... ఒక రాత్రి కరెంటు లేదు. మెలకువ వచ్చింది. ముందు గదిలో చప్పుడు. గుర్ర్... ఆగింది. మళ్ళీ గుర్ర్... డిస్క్ తిరుగుతోంది.

సాయంత్రం నేనే అన్నీ ఆపి గుడ్డ కప్పాను. వెళ్ళి చూస్తే తెర వెలుగుతోంది. గుడ్డ కుర్చీ మీద ఉంది... మడత పెట్టి. నేను పక్కన పడేస్తాను. మడత పెట్టేది ఆయన.

అప్పుడే ఇన్వర్టర్ కీచుమంది. బ్యాటరీ అయిపోవస్తోంది. లావణ్యకు చేద్దామంటే ఫోన్‌లో సిగ్నల్ లేదు. నా పేరుతో లోపలికి వెళ్ళి డిస్క్ మూయమని నొక్కాను. తెర మీద తెలుగులోనే వచ్చింది. మూయడానికి మీకు అనుమతి లేదు. దీన్ని తెరిచినవారు...

ఆ కింద పేరు. నేను ఏనాడూ నోటితో పలకని పేరు.

మళ్ళీ నొక్కాను. అదే పేరు. కీచు... కీచు... ఆ కబుర్లు ఇంకెక్కడా లేవు.

"ఏమండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తెరిచింది మీరేనా?... మీరైతే మీరే మూసేయండి. అన్నీ పోతాయి."

డిస్క్ మీది లైటు చుక్క మినుకుమంటోంది... మినుకుమంటోంది... ఒక్కసారి, గుర్ర్... తర్వాత చిన్నగా, టక్.

చుక్క ఆరింది. డిస్క్‌ను ఇప్పుడు తీయవచ్చు, అని వచ్చింది. అది చదివేలోపే ఇన్వర్టర్ ఆగిపోయి చీకటైంది.

తెల్లారాక లావణ్యకు చెప్పాను.

"తాతయ్య పాస్‌వర్డ్ నాకు కూడా తెలీదు నానమ్మా. కరెంటు పోయి వచ్చి, దానంతటదే లేచుంటుంది."

"దానంతటదే మూసుకుందా?"

ఆ మాట దాటేసింది. "ఇంకో డిస్క్ తెస్తాను. ఎవరైనా మూసేలా మార్చేయనా?"

డిస్క్ తెమ్మన్నాను. అది మాత్రం మార్చొద్దన్నాను.

కబుర్లు ఒక్కటీ పోలేదు. ఇప్పుడూ రోజూ గుడ్డ కప్పే పడుకుంటాను. లేవగానే ముందు దాన్నే చూస్తాను. కప్పినట్టే ఉంటుంది. అమ్మయ్య అనుకోవాలో... మరేమనుకోవాలో... నాకు తెలియడం లేదు.